రెండోసారి చదివితే తెరుచుకునే నవల

సంపాదకులకు నమస్కారం.

విలియం ఫాక్‌నర్ 1929లో వెలువరించిన ‘ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ’ నవలను మా కావలిలో ఆదివారాలు కలిసి చదువుకునే ఆరుగురం ఎత్తుకుంటే, ముగ్గురు ముప్పయ్యో పేజీ దాటకుండానే మూసేశారు. వారిలో మా బావగారు ఒకరు. వారి విసుగును నేను తప్పుపట్టను. అమెరికా దక్షిణాదిలోని మిసిసిపీలో చితికిపోయిన కాంప్సన్ కుటుంబం కథను, మొదటి భాగంలో మాటలు రాని ముప్పయిమూడేళ్ల బెంజీ మనసులోంచి చెప్పడం వల్ల, ఇవాళ్టి సంగతీ చిన్ననాటి సంగతీ చెప్పాపెట్టకుండా కలిసిపోతాయి. పైగా క్వెంటిన్ అనే పేరు మేనమామకూ ఉంది, మేనకోడలికీ ఉంది. (తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది మరీ వింత కాకూడదు.)

అయితే, కంచె అవతల గోల్ఫ్ ఆడేవాళ్లు తమ కర్రలు మోసే కుర్రాణ్ని ‘క్యాడీ’ అని కేకేసి పిలవగానే బెంజీ ఎందుకు మూలుగుతాడో, అది అతణ్ని ప్రేమగా చూసుకున్న అక్క పేరు కూడానని రెండోసారి చదివినప్పుడు తట్టి, పుస్తకం పక్కన పెట్టి కాసేపు అరుగు మీద కూర్చుండిపోయాను. ఆ ఆటస్థలం ఒకప్పుడు వాళ్ల పచ్చికబీడే. కొడుకును హార్వర్డ్‌లో చదివించడానికి అమ్ముకున్నారు. చదువులకు నేల అమ్ముకున్న ఇళ్లు మన జిల్లాలో మాత్రం లేవా?

ఇలా మనసులో ఆలోచనలు పారే తీరులోనే కథ చెప్పే చైతన్య స్రవంతి పద్ధతి తెలుగుకు కొత్త కాదు. 1969 నాటి నవీన్ ‘అంపశయ్య’ మనకు ఉండనే ఉంది. అయినా మొదటి భాగంలో తికమక తప్పదు కనుక, కాంప్సన్‌ల వంటమనిషి డిల్సీ వెంట సాఫీగా నడిచే చివరి భాగం ముందు చదవమని బావగారికి చెప్పాను. ‘అది రచయితకు అన్యాయం కాదా’ అన్నారు గాని, పుస్తకం మాత్రం పట్టుకెళ్లారు.

— ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా