కొత్త 4×4 ఉన్నవాళ్లు ఆదివారం లోపు ఇది చూసుకోండి

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 6కి వికారాబాద్ వైపు బయల్దేరుతున్నాం. కొత్త 4×4 (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే) మాన్యువల్ బండ్లలో గేర్ గట్టిగా పడుతోందని కొందరు రాశారు కదా, శనివారం సాయంత్రం 5 లోపు ఈ పరీక్ష చేసి ఫలితం ఇక్కడ పెట్టండి.

ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేయండి. తర్వాత స్టార్ట్ చేసి మళ్లీ వేయండి.

ఆపినప్పుడు తేలిగ్గా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవట్లేదన్నమాట. ముందు పెడల్ కింద మ్యాట్ చూడండి. బయట కొన్న మందపాటి మ్యాట్ పెడల్‌ను అడుగుదాకా పోనివ్వదు, చాలాసార్లు అసలు దొంగ అదే! మ్యాట్ కాకపోతే క్లచ్ ఫ్లూయిడ్ మట్టం తగ్గిందేమో, దాని లైన్‌లో గాలి చేరిందేమో చూపించండి.

రెండుసార్లూ గట్టిగానే ఉంటే గేర్ లివర్ కేబుల్ లేదా లింకేజ్ (లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే భాగాలు) చూపించాలి.

పొద్దున్నే మొదటి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే బిగువుగా ఉంటే కంగారొద్దు, గేర్ ఆయిల్ చల్లగా, చిక్కగా ఉంటుంది. బలవంతం చేయకండి.

రివర్స్ కరకరమంటే: బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, 3 సెకన్లు ఆగి వేయండి. ముందు ఫస్ట్ వేసి తర్వాత రివర్స్ వేసినా సరే.

4ఎల్ (నాలుగు చక్రాలకూ బలం, తక్కువ వేగం) వేయాలంటే: బండి ఆపి, న్యూట్రల్, క్లచ్ తొక్కి ఒకే ఊపులో మార్చండి. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో వేలాడొద్దు, కొత్త ప్లేటైనా కాలుతుంది. పార్ట్‌టైమ్ 4×4 (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలం ఇచ్చుకునేది) అయితే తారురోడ్డెక్కగానే 2హెచ్‌కు (రెండు చక్రాలకే బలం) మార్చండి.

వారంటీలో ఉన్న గేర్‌బాక్స్‌ను బయట విప్పించకండి. శబ్దం వినపడేలా వీడియో తీసి, సర్వీస్ సెంటర్ వాళ్లు రాసే జాబ్ కార్డ్‌లో ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి.

మళ్లీ గుర్తుచేస్తున్నా: శనివారం సాయంత్రం 5 లోపు.