నేరం తేలకముందే సాగే జైలు

ఒరేయ్,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను ఇంకా వదల్లేదు. "కేసు ఎంత సాగితే ముద్దాయికి అంత లాభం, వాయిదాలు అడిగేది వాళ్లే కదా" అన్నావు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు బెయిల్ మీద తిరుగుతూ ఏళ్ల తరబడి కేసు నడిపిస్తాడు, ఒప్పుకుంటాను. మరి బెయిల్ రానివాడి సంగతో? 2022 చివరి లెక్క చూస్తే దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే, అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు.

వాయిదా రోజు ఎలా గడుస్తుందో చూడు. ఎస్కార్ట్ పోలీసులు దొరికితే ఖైదీని పొద్దున్నే వ్యాన్ ఎక్కిస్తారు. కోర్టులో కేసు పిలుస్తారు. దర్యాప్తు అధికారి బందోబస్తుకు వెళ్లాడంటారు, లేదా సాక్షికి సమన్లు అందలేదంటారు, లేదంటే జడ్జిగారు బదిలీ అయ్యి కొత్తవారు ఇంకా రాలేదంటారు. రెండు నిమిషాల్లో ఇంకో తేదీ వేసేస్తారు. బయట ఉన్నవాడికి అది మరో వాయిదా. లోపలున్నవాడికి అప్పటిదాకా జైలే. చివరికి నిర్దోషి అని వదిలేసినా ఆ నెలలు ఎవరిస్తారు? సాక్షులూ అంతే, పనులు మానుకుని వచ్చి ఊరికే తిరిగిపోతారు. ఏళ్లు గడిచాక బోనెక్కి "సరిగ్గా గుర్తులేదండీ" అంటారు. అక్కడ బాధితుల కేసు కూడా నీరుగారిపోతుంది.

1979లో బీహార్ జైళ్ల గురించి పేపర్లో వచ్చిన కథనాలు చూసి కపిలా హింగోరానీ అనే లాయర్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ లేకుండానే లోపల ఉన్నవాళ్లు అందులో విడుదలయ్యారు. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ భగవతి బెంచ్ తేల్చేసింది. నాకు ఎంతో ఇష్టమైన తీర్పురా అది.

చిక్కంతా ఆ తర్వాతే. ఎన్నాళ్లలో ముగించాలి? 1991లో అంతులే కేసులో గడువు పెట్టడం కుదరదంది కోర్టు. మధ్యలో కొన్ని తీర్పులు గడువులు పెట్టాయి, 2002లో రామచంద్రరావు కేసులో ఏడుగురు జడ్జీలు వాటిని కొట్టేశారు. ఒక్కో కేసు తీరు ఒక్కోలా ఉంటుందన్న వాళ్ల వాదన నాకు అర్థమవుతుంది. కానీ గడువు లేని హక్కు, గట్టిగా అడగగలిగినవాడికే దక్కుతుంది. 2021లో నజీబ్ కేసులో, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కింద అయిదేళ్లకు పైగా జైల్లో ఉన్న మనిషికి విచారణ తెమలనందుకే హైకోర్టు ఇచ్చిన బెయిల్‌ను సుప్రీంకోర్టు నిలబెట్టింది. అంతదూరం వెళ్లగలిగే విచారణ ఖైదీలు ఎందరు?

పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) బదులు వచ్చిన కొత్త భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 479వ సెక్షన్ ఉంది. ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపేస్తే బాండు మీద వదలాలి. మిగతావాళ్లకు సగం. ఆ టైమ్ రాగానే కోర్టుకు రాయాల్సింది జైలు సూపరింటెండెంటే, ఇది చాలా మంచి మార్పు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు, సరే. ఒకటికి మించి నేరాలు గానీ కేసులు గానీ పెండింగ్‌లో ఉన్నా వర్తించదట! ఒక్క గొడవకే నాలుగైదు సెక్షన్లు పెట్టడం మామూలే కదా, ఇక ఎంతమందికి అందుతుంది? ఆ షరతు తీసేయాలి. ప్రాసిక్యూషన్ వల్ల, కోర్టు వల్ల పడిన వాయిదాలను విడిగా లెక్కగట్టి, అవి హద్దు దాటితే బెయిల్ దానంతటదే రావాలి. ముద్దాయే కావాలని సాగదీసిన రోజులు ఆ లెక్కలోంచి తీసేయ్, నాకేం అభ్యంతరం లేదు.

బాధితుల వైపు నుంచి నీకు చెప్పాల్సింది చాలా ఉందని తెలుసు. ఫోన్లో కాదు, తీరిగ్గా కూర్చుని రాయి. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ నేస్తం