ఎముక ముదరకముందే చూడండి సార్

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి నమస్కారం.

నల్లగొండ పళ్ళు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. నీళ్ళలోంచి దాన్ని పటికతో, సున్నంతో తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు మరి. నేను రాసేది మాత్రం ఎత్తుపళ్ళ సంగతి.

మా పెద్దోడికి పదేళ్ళకే పై పళ్ళు ముందుకొచ్చి పెదవులు మూతపడేవి కావు. బళ్ళో వాడికి పెట్టిన పేరు ఇక్కడ రాయలేను. ఒక పళ్ళ డాక్టర్‌కు చూపిస్తే "పళ్ళన్నీ రానీయండి, తర్వాత క్లిప్పులు వేద్దాం" అన్నారు, ఆ ఏడు పత్తి కూడా సరిగా రాలేదు కాబట్టి వాయిదా పడ్డందుకు లోపల సంతోషించాను కూడా. కబడ్డీలో పడి ముందు పన్ను సగం విరిగింది. పద్దెనిమిదేళ్ళకు హైదరాబాద్ తీసుకెళ్తే, పక్క నుంచి తల ఎక్స్-రే తీసి, పళ్ళు ముందుకు రాలేదు, కింది దవడే వెనకబడింది అని చూపించారు. ఎదిగే వయసులో అయితే ప్లేట్లతో సరిచేసేవాళ్ళమని, ఇప్పుడు ఎముక ముదిరింది కాబట్టి ఆపరేషన్ చేసి దవడ జరపాలి, లేదంటే పళ్ళు పీకి క్లిప్పులతో సర్దుకోవాలి అన్నారు.

చిన్నదానికీ అదే పోలిక. పదకొండేళ్ళకే చూపించాను. పైకొకటి కిందికొకటి ప్లేట్లు ఇచ్చారు, అవి పెట్టుకుని నోరు మూస్తే కింది దవడ ముందుకొచ్చి ఆగుతుంది. మొదటి వారం మాట ముద్దముద్దగా వచ్చి, చొంగ కారి, ఏడ్చింది. ఏడాది తిరిగేసరికి పెదవులు మూతపడ్డాయి సార్!

ఇది అందం కోసం చేయించుకునేదని పక్కన పెట్టకండి. పిల్లల ఆరోగ్యం చూడటానికి బళ్ళకొచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందాలు పుచ్చుపళ్ళు ఎలాగూ చూస్తాయి. ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని నోరు మూయమని పక్క నుంచి ఒకసారి ముఖం చూడమనండి, కింది దవడ వెనకబడినట్టుంటే పళ్ళ డాక్టర్ దగ్గరికి పంపమనండి, కింది పళ్ళు పై పళ్ళ కంటే ముందుకుంటే ఇంకా తొందరగా పంపమనండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రుల్లో వారానికి ఒక్కరోజైనా ఆర్థోడాంటిస్ట్, అంటే పళ్ళ వరస, దవడ సరిచేసే డాక్టర్, కూర్చునేలా చేయండి. క్లిప్పులంటే ఒక్కసారి వేసి పంపేవి కావు, ఏడాదిన్నర, రెండేళ్ళు నెలనెలా వెళ్ళి తీగ బిగించుకోవాలి. మావాళ్ళకు ఇంకో తిప్పలు, ఫ్లోరైడ్ గార బాగా పట్టిన పన్ను మీద క్లిప్పు గట్టిగా అతకదు. ఊడితే మళ్ళీ హైదరాబాద్ బస్సు, మళ్ళీ ఒక రోజు కూలి పోవడం.

పెద్దోడి ఎక్స్-రే, చిన్నదాని ఎక్స్-రే రెండూ నా దగ్గరున్నాయి. మీరు నల్లగొండ వచ్చిన రోజు చెప్పండి, పట్టుకొస్తాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తండ్రి