నేపాలీవాడు మన పొట్ట కొట్టలేదు

సంపాదకులు గారికి,

రెండు వారాల కిందట మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చిన గల్ఫ్ కథనం గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైంది, తెలుసు. పసుపు ఉడకబెట్టే పనుల్లో ఉండి ఆ పేపరు మడిచి ట్రాక్టర్ సీటు కింద పెట్టాను. తీసినప్పుడల్లా ఆ ఒక్క వాక్యమే కళ్ళలో పడుతోంది. 'నేపాలీలు తక్కువ జీతానికి వచ్చేస్తుండటంతో మనవాళ్ళకు పని దొరకడం లేదు' అని ఒక ఏజెంటు గారు సెలవిచ్చారు. మీ విలేకరి రాసుకున్నాడు, మీరు అచ్చేశారు. ఆ ఏజెంటు ఒక్కొక్కరి దగ్గర ఎంత తీసుకుంటున్నాడని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను 2012 నుంచి 2019 దాకా ఖతార్‌లో షట్టరింగ్ పని చేశాను. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక క్యాంపు. రూములో మొదట ఎనిమిది మందిమి, తర్వాత పన్నెండు మంది. నా పై మంచం మీద ఒక నేపాలీ ఉండేవాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. వాళ్ళ భాషలో అన్నను దాయి అంటారు కాబట్టి జగిత్యాల వాళ్ళం, బీహార్ సివాన్ వాళ్ళం, కేరళ వాళ్ళం అందరం ఆయన్ని దాయి అనే పిలిచేవాళ్ళం. ఆయనది గోర్ఖా జిల్లా. మనకు గూర్ఖా అంటే రాత్రిపూట విజిల్ వేసుకుంటూ తిరిగి, ఒకటో తారీఖున తలుపు దగ్గర సెల్యూట్ కొట్టి పది రూపాయలు అడిగేవాడు. అది ఒక ఊరి పేరని నాకు దోహా వెళ్ళాకే తెలిసింది.

దాయి 2013లో వచ్చాడు. ఊరి నుంచి అరపూట నడక, జీపులో గోర్ఖా బజార్, అక్కడి నుంచి బస్సులో ఖాట్మండు. గొంగబు బస్ పార్క్ పక్కన లాడ్జిలో పదకొండు రోజులు. మెడికల్ అయ్యింది, ఇంకేదో ముద్ర కావాలన్నారు, అదీ అయ్యింది, రేపు రమ్మన్నారు. లాడ్జి అద్దె ఆయనదే, రెండు పూటలా దాల్‌భాత్ ఖర్చూ ఆయనదే. చివరికి పాస్‌పోర్టు, టికెట్, కాంట్రాక్టు కాగితం కలిపి ఎయిర్‌పోర్ట్ గేటు బయట చేతిలో పెట్టారు. లోపలికి వెళ్ళడానికి గంట కూడా లేదు. కాగితం ఇంగ్లీషులో, అరబిక్‌లో ఉంది. చదవగలిగినా చేసేదేముంది? అప్పటికే అప్పు అయిపోయింది. ఊళ్ళో ఏజెంటు నెల జీతం 1,200 రియాల్స్ అన్నాడు. దోహాలో దిగాక 900 అన్నారు.

నా జీతం ఎంతో చెప్పనా? 900. అదే సైటు, అదే ఫోర్‌మన్. నేను మా ఏజెంటుకు కట్టింది లక్షా పది వేలు. దాయి కట్టింది 1,30,000 నేపాలీ రూపాయలు. మన రూపాయికి వాళ్ళవి ఒకటీ అరవై పైసలు లెక్కన మన డబ్బుల్లో 81 వేల పైచిలుకు. వడ్డీ నూటికి మూడు రూపాయలు. మా ఊళ్ళోనూ మూడు రూపాయలే! దేశం వేరు, భాష వేరు, మూడు రూపాయల వడ్డీ మాత్రం ఇద్దరికీ ఒకటే. దాయికి నెలకు 3,900 నేపాలీ రూపాయలు వడ్డీకే పోయేది. మొదటి పద్నాలుగు నెలలు ఆయన ఇంటికి పంపిందంతా అసలుకీ వడ్డీకే సరిపోయింది.

కొన్ని కంపెనీల్లో పాస్‌పోర్టు రంగు చూసి జీతం రాసిన మాట నిజమే, కాదనను. ఒకే పనికి ఫిలిప్పీన్స్ వాడికి ఒక లెక్క, మనకు ఒక లెక్క, నేపాలీకి ఇంకో లెక్క. ఆ లెక్క రాసింది నేపాలీయా? 2021 మార్చిలో ఖతార్‌లో కనీస వేతన చట్టం అమల్లోకి వచ్చింది. ఏ దేశం వాడికైనా 1,000 రియాల్స్, కంపెనీ వసతి ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే మరో 300. నేపాల్ అయినా నిజామాబాద్ అయినా అదే వెయ్యి. మీ కథనంలో ఈ ముక్క ఎక్కడా లేదు.

ఇంకోటి కూడా మీరే గుర్తు చేయాల్సింది. గల్ఫ్‌కు పోయే మన కార్మికుడికి ఇంతకు తగ్గకూడదు అని కేంద్రం ఒక జీతం పెడుతుంది కదా, 2020 సెప్టెంబర్‌లో కరోనా మధ్యలో దాన్ని సర్క్యులర్ మీద సర్క్యులర్ ఇచ్చి కోసేసింది కూడా కేంద్రమే. ఉద్యోగాలు కాపాడటానికేనట. ఇక్కడ గొడవ అయ్యింది, విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళింది, 2021 జూలైలో వెనక్కి తీసుకున్నారు. మన జీతం మన దేశమే తగ్గించినప్పుడు నేపాలీవాడు సైటు మీద రాడ్లు మోస్తున్నాడు. ఆ సర్క్యులర్ మీద సంతకం ఆయనది కాదు.

2015 ఏప్రిల్ 25 నాకు బాగా గుర్తుంది. శనివారం. అక్కడ శుక్రవారమే సెలవు కాబట్టి మేం పనిలో ఉన్నాం. దోహాలో తొమ్మిది దాటింది. కింద ఎవరో నేపాలీ కుర్రాడు ఫోన్ పట్టుకుని అరుస్తున్నాడు. పది నిమిషాల్లో సైటు మీద ఉన్న నేపాలీలందరి చేతుల్లోనూ ఫోన్లే. ఏ లైనూ కలవడం లేదు. భూకంప కేంద్రం గోర్ఖా జిల్లాలోనే, బార్పాక్ దగ్గర. దాయి ఊరు దానికి ఆ పక్క కొండ మీద. ఫోర్‌మన్ వచ్చి కాంక్రీట్ లారీ వచ్చింది, పని కానీయమన్నాడు. దాయి ఫోన్ స్పీకర్‌లో పెట్టి చొక్కా జేబులో వేసుకుని పని చేశాడు. ఎంగేజ్ టోన్ సాయంత్రం దాకా ఆ జేబులోంచి వినపడుతూనే ఉంది. మూడో రోజు రాత్రి భార్య గొంతు వినిపించింది. ఇల్లు లేదు, తల్లి లేదు, పిల్లాడు బతికాడు.

సెలవు అడిగాడు. కంపెనీ ఇవ్వలేదు. అప్పట్లో కంపెనీ సంతకం లేకుండా ఎగ్జిట్ పర్మిట్ రాదు, అది లేకుండా విమానం ఎక్కనివ్వరు. మా ఒక్క సైటులోనే కాదు, ఖతార్‌లో చాలా కంపెనీలు నేపాలీలను తమవాళ్ళ అంత్యక్రియలకు కూడా పంపడం లేదని నేపాల్ కార్మిక మంత్రే ఆ మే నెలలో బాహాటంగా అన్నాడు. దాయి తల్లి కోసం రూములోనే గుండు చేయించుకున్నాడు. పదమూడు రోజులు ఉప్పు లేకుండా తిన్నాడు. అదే పదమూడు రోజులూ డ్యూటీకి వచ్చాడు. ఈయనా మన పొట్ట కొట్టేవాడు?

సరిగ్గా ఆ ఏడాదే నేపాల్ ప్రభుత్వం 'ఫ్రీ వీసా, ఫ్రీ టికెట్' అంది. గల్ఫ్ దేశాలు ఆరింటికి, మలేసియాకు వెళ్ళేవాడి వీసా, టికెట్ కంపెనీయే పెట్టుకోవాలి, ఏజెంటు పది వేల నేపాలీ రూపాయలకు మించి తీసుకోకూడదు. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. దాయి ఊరెళ్ళి ఇల్లు నిలబెట్టుకుని 2017లో రెండోసారి వచ్చినప్పుడు లక్ష కట్టాడు, రసీదు పది వేలకు ఇచ్చారు. పైగా ఫోన్ కెమెరా ముందు నిలబెట్టి 'నేను పది వేలే కట్టాను' అని చెప్పించారు. మనదీ అదే కథ. రిజిస్టర్డ్ ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలని మన రూలు. మీ విలేకరిని మెట్‌పల్లి బస్టాండ్ దగ్గర 30 వేలు చేతిలో పట్టుకుని నిలబడమనండి, వీసా ఇచ్చేవాడు ఎవడో చూద్దాం.

నేపాల్‌లో ఆడవాళ్ళను గల్ఫ్ ఇళ్ళల్లో పనికి పంపకూడదని నిషేధం పెట్టారు. మంచిదే అనుకుంటాం. మన సరిహద్దు దాటడానికి వాళ్ళకు వీసా అక్కర్లేదు కాబట్టి ఢిల్లీ దాకా బస్సులో వచ్చి అక్కడి నుంచి దొంగదారిన వెళుతున్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ పోయిన ఆడవాళ్ళ కథలు తెలిసినవాళ్ళకు దీని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. నేపాల్ దేశ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు ఇలా బయటికి పోయిన ఆడా మగా పంపేదే. అయినా ఖాట్మండు ఎయిర్‌పోర్ట్‌లో వాళ్ళను పశువుల్లా తోలుతారని దాయి ప్రతిసారీ చెప్పేవాడు. శంషాబాద్‌లో మనల్ని పూలదండతో పంపుతారని నేనూ చెప్పలేదు.

మన అధికారుల సంగతికి వస్తే, గల్ఫ్‌లో చనిపోయినవాడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం జీవో తెచ్చింది. సంతోషం. కానీ 2023 డిసెంబర్ 7 తర్వాత పోయినవాళ్ళకే. కొత్త సర్కారు వచ్చిన తేదీ చూసుకుని చావాలన్నమాట. మా వాడకట్టులో ఒకామె భర్త అంతకు ముందే పోయాడు. ఆమె ఫైలు పట్టుకుని తిరిగిన ఆఫీసులో 'ఇది మా పరిధి కాదమ్మా' అన్న మాట ఎన్నిసార్లు విందో ఆమెకే తెలియాలి. బీమా ఉంటే వచ్చేదని ఒక సారు సలహా ఇచ్చాడు. బీమా ఉందో లేదో చూడాల్సినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో అదీ చెబితే బాగుండేది.

నేపాలీలు ఏదో పరాయి జాతి అన్నట్టు రాస్తున్నారు కాబట్టి ఇదొకటి రాయాలి. ఒక శుక్రవారం దాయి గిన్నెలో పిండి పోసి కర్రతో తిప్పుతున్నాడు, చెమట కారిపోతోంది. ఢిఁడో అన్నాడు. చూస్తే మా అమ్మ చేసే మక్క గటక! నేను మామిడికాయ తొక్కు తీశాను, ఆయన గుంద్రుక్ అని ఎండబెట్టిన పుల్లటి ఆకుకూర చారు చేశాడు. ఆ వాసనకు మలయాళీలు తలుపు తీసి బయటికి పోయారు, మేం ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం. దసరాకు వాళ్ళు దశైం అంటారు. ఆయన పెరుగులో బియ్యం, ఎర్రరంగు కలిపి నా నుదుటికి పెట్టేవాడు. ఆ టైముకే మా ఆవిడ ఫోన్‌లో బతుకమ్మ చూపించేది.

దాయి ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. మోకాళ్ళు పోయాయి. మొన్న మీ కథనం సంగతి ఫోన్‌లో చెబితే చాలాసేపు నవ్వాడు. భూకంపంలో బతికిన పిల్లాడికి పంతొమ్మిదేళ్ళు వచ్చాయి, పాస్‌పోర్టు చేయించారు, గల్ఫ్‌కే. ఏజెంటు రెండున్నర లక్షలు అడుగుతున్నాడట. మన లెక్కలో లక్షన్నర దాటింది. తక్కువకు వచ్చేస్తున్నారట!

ఇట్లు,
గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక పాఠకుడు,
జగిత్యాల జిల్లా