మాజీ సైనికుడికి గార్డు కుర్చీ ఒక్కటేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. 17 ఏళ్లు సైన్యంలో పనిచేసి 2018లో ఇంటికొచ్చాను. అప్పటికి నా వయసు 35. ఉద్యోగానికి పేరు రాయించుకుందామని ఒక కార్యాలయానికి వెళ్లాను. ఫారంలో ఏ పని కావాలన్న చోట 'కెమెరా, ఎడిటింగ్' అని రాశాను. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడే. "ఇట్లాంటివి ఉండవు సార్" అంటూ దాన్ని కొట్టేసి, తన చేత్తోనే 'సెక్యూరిటీ' అని రాశాడు. ఆ తర్వాత రెండేళ్లు ఏటీఎం ముందు కూర్చున్నాను. మాజీ సైనికుడంటే మన ఊళ్లో గుర్తొచ్చేవి రెండే: ఆ కుర్చీ, మిలిటరీ క్యాంటీన్ మందు. (మందు ముట్టనివాళ్లం కూడా ఉన్నామంటే చుట్టాలే నమ్మరు.)

ఆ కుర్చీలో ఉండగానే సెల్‌ఫోన్‌తో షాట్లు తీయడం నేర్చుకున్నాను. పెళ్లి వీడియోలు తీసే ఒక తమ్ముడు రాత్రి తొమ్మిది దాటాక తన సిస్టం నాకు వదిలేసేవాడు. అలా 14 నిమిషాల చిన్న సినిమా ఒకటి తీశాను. అందులో యుద్ధం లేదు, తుపాకీ లేదు. నేను పూంఛ్‌లో ఉన్న రోజుల్లో మా అమ్మ ప్రతి ఆదివారం చంద్రగిరిలో ఎస్టీడీ బూత్ దగ్గరికొచ్చి నా ఫోను కోసం కూర్చునేది. లైను తెగిపోయాక ఇవతల ఏం జరిగేదో నాకేం తెలుసు? బూత్ నడిపినాయన ఈమధ్య చెప్పాడు. రిసీవరు వెంటనే పెట్టేసేది కాదట, కొంగుతో తుడిచి పెట్టేదట. ఆ ఒక్క షాట్‌కి 11 టేకులయ్యాయి. అమ్మ వేషం వేసింది మా పక్కింటి అక్క. "ఏందన్నా, యాక్షన్ అనేదాన్ని పరేడ్ కమాండ్ మాదిరి అరస్తా ఉండావు, ఆయమ్మ జడుసుకుంటా ఉంది" అని తమ్ముడు ఒకటే నవ్వు.

నా సినిమా గొప్పదని చెప్పుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మేజర్ రవి సైన్యంలో పనిచేసి వచ్చి 2006లో మోహన్‌లాల్‌తో మలయాళంలో 'కీర్తిచక్ర' తీశారు. వియత్నాంలో పోరాడి వచ్చిన ఆలివర్ స్టోన్ న్యూయార్క్ యూనివర్సిటీలో సినిమా చదువుకుని, 1986లో 'ప్లటూన్' తీసి ఆస్కార్ కొట్టాడు. ఆయన చదువుకు సాయపడింది అక్కడి ప్రభుత్వమే. సైన్యం నుంచి వచ్చినవాళ్ల చదువు ఖర్చు భరించే చట్టం వాళ్లు 1944లోనే తెచ్చుకున్నారు. మనకూ సర్వీసు చివర్లో పునరావాస కోర్సులు ఉన్నాయి, కాదనను. అవి పూర్తయి ఊరికొచ్చాక మనసు మార్చుకున్నవాడి సంగతేమిటి?

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, 2022లో మొదలైన అగ్నిపథ్ కింద చేరినవాళ్లలో నాలుగేళ్ల తర్వాత సైన్యంలో కొనసాగేది నూటికి 25 మందికి మించదు. మిగతావాళ్లు పాతికేళ్లు అటూఇటూ వయసులో సర్వీసు చివర్లో ఒకేసారి ఇచ్చే సేవానిధి డబ్బు పట్టుకుని ఇంటికొస్తారు. వాళ్లందరికీ సరిపడా ఏటీఎంలు తిరుపతిలో లేవు.

కెమెరా పని అన్నం పెడుతుందా అంటారేమో. ఏడాది పొడుగునా పెళ్లిళ్లు జరిగే ఊరు మనది. 2008 నుంచి నడుస్తున్న ఎస్వీబీసీ ఛానల్ ఉన్నదీ ఇక్కడే. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేరే నగరాలకు వెళ్లి స్వల్పకాలిక కోర్సులు నడుపుతోంది. వాళ్లను తిరుపతికి పిలిపించి, ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో ఆరు నెలల కెమెరా, ఎడిటింగ్ కోర్సు పెట్టించమని కలెక్టర్ గారికి, సైనిక సంక్షేమ అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి. మాకు కొన్ని సీట్లు కేటాయిస్తే చాలు, ఫీజులో సగమైనా మేమే కట్టుకుంటాం.

ఇంకొక్కటి. క్లాసులు సాయంత్రం ఆరు తర్వాతే పెట్టాలి. మాలో చాలామంది పగలు గార్డు డ్యూటీలో ఉంటారు.

ఇట్లు,
ఒక మాజీ జవాను,
తిరుపతి