నొప్పుల చిట్టా

చిరంజీవి చిన్నోడికి అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. ఆ తరవాతి వరసలో "అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను" అని రాయాలి. మొన్న రాత్రి ఒంటిగంటకి నువ్వు ఫోన్ చేసి "అమ్మా, నొప్పులొచ్చేశాయ్" అని అరిచాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఫోన్లో చెప్తే సరిపోదా అంటావు. చెప్పాను కదా, నువ్వు వినలేదు. "ఎంతసేపటికోసారి వస్తున్నాయిరా" అని నేనడిగితే "చాలా నొప్పిగా ఉందంటోంది" అన్నావు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే జవాబు. నిన్ను తప్పు పట్టడం లేదు. పదిహేనేళ్లుగా ఆశా కార్యకర్తగా తిరుగుతున్నాను, అర్ధరాత్రి నా తలుపు కొట్టిన మగాళ్లందరూ అదే మాట చెప్పారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మీ ఊళ్లో కాలేజీలో చదువుతున్న మన వీధి కుర్రాడి చేతికిచ్చి పంపిస్తున్నాను. చదివి బీరువాలో దాచెయ్యకు. వంటింటి గోడకి అంటించు.

నేను రావడానికి ఇంకో వారం పడుతుంది. మీ నాన్నకి కంటి ఆపరేషన్ అయ్యి ఇవాళ్టికి నాలుగు రోజులు. రోజుకి నాలుగుసార్లు చుక్కలు వెయ్యాలి, వంగకూడదు, దుమ్ములో తిరగకూడదు. నేను ఇలా పక్కకి తిరిగితే చాలు, ఆయన అలా పశువుల సాలలోకి పోతున్నారు. అమ్మాయికి తల్లి ఉండుంటే తొలి పురుడు పుట్టింట్లోనే జరిగేది, నువ్వు ఆదివారం ఆదివారం పళ్లు పట్టుకెళ్లి చూసొచ్చేవాడివి. ఆవిడ లేదు. ఈ వారం రోజులూ ఆ పిల్లకి అమ్మవైనా నువ్వే.

ఇప్పుడు మొన్నటి రాత్రి సంగతి. నువ్వు కంగారు పడుతున్నావు గానీ అమ్మాయి టైము చూసుకుంటూనే ఉంది. తను చెప్తుంటే నేను ఇక్కడ క్యాలెండర్ వెనక రాసుకున్నాను. 11.40, 11.52, 12.20, 12.28, 1.05. మధ్యలో ఎడం ఎంతుందో చూడు. 12 నిమిషాలు, 28, 8, 37. వావీ వరసా లేదు. రెండు గ్లాసుల నీళ్లు తాగించి, బాత్రూముకి వెళ్లి రమ్మని, ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నాను. ఒకటిన్నరకల్లా నిద్రపోయిందన్నావు. నువ్వే తెల్లారేదాకా కూర్చున్నావట.

వీటిని మన వైపు దొంగ నొప్పులంటారు. ఆ పేరు నాకు నచ్చదు. దొంగ నొప్పి అనగానే ఇంట్లో వాళ్లు పిల్లని దొంగలా చూస్తారు. నొప్పి నిజమే, కాన్పు టైము రాలేదు, అంతే తేడా. గర్భసంచి కండరం అప్పుడప్పుడు దానంతటదే బిగుసుకుంటుంది, మళ్లీ వదులవుతుంది. నెలలు నిండేకొద్దీ అది బాగా తెలుస్తుంది. జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1872లో వీటి గురించి రాశాడట, ఆయన పేరే వీటికి పెట్టేశారు. ఇన్ని వేల ఏళ్లుగా ఆడవాళ్లు పడుతున్న నొప్పికి ఆఖరికి ఒక మగాయన పేరు!

నీళ్లు తక్కువ తాగినా, మూత్రం ఆపుకున్నా, రోజంతా నిలబడి పనిచేసినా, లోపల బిడ్డ గట్టిగా తిరిగినా ఇవి వస్తాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా వస్తాయి. అందుకే తెల్లారగానే చూపించమన్నాను. గర్భసంచి మూతి తెరుచుకోలేదని డాక్టరమ్మ చెప్పిందన్నావు, మంచిది. మూత్రం పరీక్ష రిపోర్టు తెచ్చావా లేదా? ఆ సంగతి నువ్వు చెప్పలేదు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. అమ్మాయికి ఇంకా 37 వారాలు నిండలేదు, నా లెక్క ప్రకారం మూడు రోజులు తక్కువ. ఈలోపు గంటలో నాలుగైదుసార్లు కడుపు బిగిసిందంటే నా చిట్టా, నీ చిట్టా ఏదీ వద్దు, నేరుగా ఆస్పత్రికి వెళ్లిపో. నెలలు నిండకుండా వచ్చే కాన్పుని ఇంట్లో కూర్చుని పరీక్షించకూడదు. ఇక నుంచి చెప్పే నొప్పుల లెక్కంతా 37 నిండాక.

రైస్ మిల్లులో బస్తాల లెక్క రాస్తావు కదా, అలాగే నొప్పుల లెక్క రాయి. ఒక గడిలో కడుపు బిగుసుకోవడం మొదలైన టైము, పక్క గడిలో వదిలిన టైము. ఎడం లెక్కపెట్టేది ఒక నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఇంకో నొప్పి మొదలయ్యేదాకా. చాలామంది నొప్పి తగ్గిన దగ్గర్నుంచి లెక్కపెడతారు, లెక్కంతా తప్పుతుంది. ఫోన్లో దీనికేదో యాప్ ఉందని మీ అప్ప చెప్పింది. ఉండనీ. నువ్వు పెన్సిలుతో రాయి, ఫోన్ ఛార్జింగు బండికో ఆస్పత్రికో ఫోన్ చెయ్యడానికి దాచుకో.

కాన్పు నొప్పులైతే ఆ కాగితమే చెప్తుంది. రెండు గంటలకి ఒకటి వచ్చిందనుకో, తరవాత 2.10, 2.19, 2.27, 2.34, 2.40. ఎడం తగ్గుతూ వస్తోంది చూశావా? మొదట ముప్పై సెకన్లు ఉన్న నొప్పి నలభై అవుతుంది, తరవాత నిమిషం అవుతుంది. పడుకున్నా తగ్గదు, నడిచినా తగ్గదు, నడిస్తే ఇంకా పెరుగుతుంది. ఎక్కువమందికి నడుములో మొదలై ముందుకి చుట్టుకొస్తుంది. దొంగ నొప్పి ఎక్కువగా పొట్ట ముందు భాగంలోనే బిగిసి, పక్కకి తిరిగి పడుకుంటే వదిలేస్తుంది. అందరికీ ఇలాగే ఉంటుందని మాత్రం చెప్పను. నడుం నొప్పే లేకుండా కన్నవాళ్లని చూశాను. కడుపు నొప్పే లేకుండా నడుం పట్టుకుని ఏడ్చినవాళ్లనీ చూశాను. అందుకే చోటు కన్నా టైమునే ఎక్కువ నమ్ముతాను.

మా ఏఎన్ఎమ్ నర్సు నేర్పిన చిట్కా ఇంకోటి ఉంది. నొప్పి వచ్చినప్పుడు పొట్ట పైభాగం మీద అరచెయ్యి ఆనించు. గట్టిగా నొక్కొద్దు. నీ ముక్కు కొనలా మెత్తగా ఉంటే ఇంకా చిన్న నొప్పి. గడ్డంలా ఉంటే మధ్యరకం. నుదురులా రాయిగా ఉంటే గట్టి నొప్పి. ఇంకా తేలికైంది, అమ్మాయితో కబుర్లు చెప్తూ ఉండు. నొప్పి వచ్చినా మాట పూర్తి చేస్తోందంటే టైముంది. మాట మధ్యలో ఆపి, మంచం పట్టీ పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, తగ్గాక మళ్లీ అందుకుందంటే చెప్పులు వేసుకో.

అయిదు నిమిషాలకి ఒకటి, ఒక్కోటి నిమిషం పాటు, అలా ఒక గంట. తొలి కాన్పుకి ఇదీ లెక్క. అప్పటిదాకా ఇంట్లో ఉండొచ్చు, తొలి కాన్పు నెమ్మదిగానే అవుతుంది, కొందరికి రోజు కూడా పడుతుంది. ఆ టైములో నువ్వు అమ్మాయి ముందు నిలబడి గడియారం చూస్తూ ఉండకు. మజ్జిగో చోడి అంబలో కొంచెం కొంచెం తాగించు, నడుం కింద అరచేత్తో రుద్దు, ఇంట్లోనే నడిపించు. అంతకన్నా ముందే అమ్మాయి "నాకు భయంగా ఉంది, వెళ్దాం" అంటే మాత్రం కాగితం చింపేసి వెళ్లిపో. మూతి తెరుచుకుందో లేదో చూసి చెప్పగలిగేది ఆస్పత్రిలో వాళ్లే. నేనైనా ఇంతకాలం ఊహించానే తప్ప కచ్చితంగా చెప్పలేదు.

"ఇంకా టైముంది, పొండి" అని వెనక్కి పంపిస్తే సిగ్గుపడకండి. ఇది నీకు వేరేగా చెప్పాలి.

నువ్వు ఇంట్లో పుట్టావని నీకు తెలుసు. ఎందుకు ఇంట్లో పుట్టావో చెప్పలేదు. మీ అప్ప అప్పటికి రెండేళ్ల గుంట. నువ్వు కడుపులో ఉండగా నెలలు నిండాక రెండుసార్లు నొప్పులొచ్చాయి. రెండుసార్లూ మీ నానమ్మ జీలకర్ర కషాయం కాచి ఇచ్చింది. "దొంగవైతే దీనికి పోతాయి, కాన్పు నొప్పులైతే పెరుగుతాయి" అనేది. కషాయానికి తగ్గేవో, కూర్చుంటే తగ్గేవో గానీ ఆస్పత్రి చేరేసరికి తగ్గిపోయేవి. రెండోసారి అక్కడ నర్సు ఒకావిడ పదిమందిలో "ఒక కాన్పయినదానివి, నొప్పంటే ఏటో తెలీదేటి నీకు" అంది. తిరిగొస్తే వీధిలో వాళ్లు నవ్వారు. బండి కిరాయి ఎంతయిందో రెండు రోజులు లెక్క చెప్పుకున్నారు.

మూడోసారి ఉభాల రోజుల్లో, వరినాట్లప్పుడు వచ్చాయి. అందరూ మడుల్లో ఉన్నారు. పొద్దున్నుంచి వస్తున్నాయి, నేను నోరు విప్పలేదు. మళ్లీ దొంగవైతే? కషాయం నేనే కాచుకుని తాగాను. తగ్గలేదు. అప్పుడైనా ఎవరినో ఒకరిని కేకెయ్యాల్సింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని బియ్యం చెరుగుతూ కూర్చున్నాను. రెండో కాన్పు తొలిదానిలా తీరిగ్గా రాదని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. సాయంత్రం నానమ్మ వచ్చి చూసేసరికి బండి కట్టే టైము కూడా లేదు. మంత్రసాని వచ్చింది, నువ్వు బాగానే పుట్టావు. నాకే రక్తం ఆగలేదు. 108 బండి 2005 ఆగస్టు 15న కదా మొదలైంది, అప్పటికి అదీ లేదు. ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి నన్ను నరసన్నపేట తీసుకెళ్లారు. దారిలో గోతులన్నీ ఇప్పటికీ నాకు గుర్తే.

అందుకని మీరు మూడుసార్లు కాదు, ఆరుసార్లు వెళ్లి ఆరుసార్లు తిరిగి రండి. ఆటో డబ్బులు నేనిస్తాను.

ఇక చిట్టాతో పనిలేని సంగతులు. ఉమ్మనీరు పోతే నొప్పులు ఉన్నా లేకపోయినా వెళ్లాలి. అందరికీ కుండ పగిలినట్టు పోదు, కొందరికి చుక్కలు చుక్కలుగా తడుస్తూనే ఉంటుంది. మూత్రమో ఉమ్మనీరో తెలియకపోతే శుభ్రమైన గుడ్డ పెట్టుకుని చూడమను. ఆపుకున్నా ఆగకుండా తడుస్తుంటే ఉమ్మనీరే అనుకో. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే బిడ్డ లోపల దొడ్డికి వెళ్లిందన్నమాట, ఒక్క నిమిషం ఆగకు. 37 నిండాక జిగురులా, కాస్త గులాబి రంగులో పడితే భయం లేదు, అది కాన్పు దగ్గరపడుతోందని గుర్తు, గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. ఎర్రగా నెలసరిలా పోతే మాత్రం పరుగెత్తాలి. కడుపు ఒకసారి బిగిసి మళ్లీ వదలకుండా రాయిలా ఉండిపోయినా అంతే. తలనొప్పి తగ్గకపోవడం, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం బీపీ గుర్తులు, వాటినీ తెల్లారేదాకా ఆపకు.

బిడ్డ కదలికలు అమ్మాయిని రోజూ అడుగు. కాన్పు దగ్గరికి వస్తే బిడ్డ కదలడం మానేస్తుందని మీ పక్కింటావిడ చెప్పిందట. తప్పు. నొప్పుల్లో కూడా కదులుతూనే ఉంటుంది. కదలిక తగ్గిందని అమ్మాయికి అనిపిస్తే ఆ పూటే చూపించు. ఆవిడే ఆముదం తాగిస్తే తొందరగా అవుతుందని కూడా అందట. ఆవిడ పెట్టే పచ్చడి తీసుకోండి, సలహా వద్దు. ఇంటికొచ్చి నొప్పుల సూది వేస్తానని ఎవరైనా అంటే గుమ్మం దాటనివ్వకు. ఆ సూది ఆస్పత్రిలో, బిడ్డ గుండె చూస్తూ వెయ్యాల్సింది.

డాక్టరమ్మ ఇచ్చిన తారీఖు మీ ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండక్కి రెండు రోజుల అవతల పడింది. ఇచ్చిన తారీఖుకే పుట్టే పిల్లలు నూటికి నలుగురో అయిదుగురో. కాబట్టి పండగ రోజునే రావొచ్చు. తొలేళ్ల సోమవారం, సిరిమాను మంగళవారం కోట దగ్గర ఇసకేస్తే రాలదు, నీకు నేను చెప్పాలా? మీ ఇంటి నుంచి ఆస్పత్రికి జనంలోకి వెళ్లకుండా ఏ సందుల్లోంచి పోవచ్చో ఇప్పుడే బండి మీద ఒకసారి తిరిగి చూసుకో. ఆ రెండ్రోజులు అయిదు నిమిషాల లెక్క పనికిరాదు, పది నిమిషాలకోసారి వరసగా రావడం మొదలవగానే బయల్దేరాలి. పైడితల్లమ్మకి నేను ఇక్కడి నుంచే దణ్ణం పెట్టుకుంటాను. నువ్వు మాత్రం ఈ ఏడాది సిరిమాను చూడ్డానికి వెళ్లకు.

సంచి సర్దారా? తల్లీబిడ్డ కార్డు, ఆధార్, రక్తం గ్రూపు కాగితం, స్కానింగులు ఒకే కవరులో పెట్టు. పాత నూలు చీరలు రెండు ఉతికి ఎండేశాను, అవి నేను తెస్తాను. కొత్తవి కొనకు, బిడ్డ ఒంటికి గుచ్చుకుంటాయి. వచ్చే బుధవారం తిలారులో పాసింజరు ఎక్కుతాను. స్టేషనుకి రాకు, అమ్మాయిని ఒక్కదాన్నీ వదలొద్దు. ఆటో నేను మాట్లాడుకుంటాను.

మీ నాన్న పక్కనే కూర్చుని, ఏం రాశావో చదివి వినిపించమంటున్నారు. జీలకర్ర కషాయం దాకా చదివి ఆపేశాను. నొప్పులు ఉన్నట్టుండి వచ్చాయనే ఆయన ఇన్నాళ్లూ అనుకుంటున్నారు. నువ్వు ఫోన్లో ఏమీ అనకు. కళ్లజోడు వచ్చాక ఆయనే చదువుకుంటారు, ఇంకో కాగితం మీద రాసిపెట్టాను.

ఇట్లు
అమ్మ