ఫిజిక్స్‌లో జవాబుకే మార్కులా, ఆలోచనకు వద్దా?

సంపాదకులకు నమస్కారం.

హైస్కూల్ ఫిజిక్స్ పేపర్ కష్టంగా వచ్చిందని తల్లిదండ్రులు గోల పెడితే, మార్కులు కలుపుతామని అధికారులు అభయమిచ్చిన వార్త పోయిన వారం మీ పత్రికలో చదివాను. ఇకపై పాఠ్యపుస్తకం దాటి ప్రశ్నలే ఉండవట! ఇంతకీ ఆ ఘోరమైన ప్రశ్న ఏమిటి? పైకి విసిరిన బంతి పైచివర ఆగినట్టుండే క్షణంలో దాని మీద ఏ బలం పనిచేస్తుంది, ఎందుకు? అంతే. సూత్రంలో అంకెలు వేసి గరిష్ఠ ఎత్తు కట్టేసే పిల్లలే ఇక్కడ 'వేగం సున్నా, కాబట్టి బలమూ సున్నా' అని రాస్తారు. భూమి ఆ క్షణంలో మాత్రం లాగడం మానేస్తుంది కాబోలు! తప్పు పిల్లలది కాదు, 'ఎందుకు' అని మనం ఎన్నడూ అడగలేదు.

ఇది కొత్త సంగతేం కాదు. లెక్కలు లేకుండా బలం, చలనాల అవగాహనను మాత్రమే పట్టి చూసే ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే పరీక్ష 1992లోనే వచ్చింది. 2009లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చిన అధ్యయనం మరీ చురక. స్కూల్లో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చదివిన చైనా విద్యార్థులు ఆ పరీక్షలో అమెరికా విద్యార్థులను చాలా వెనక్కి నెట్టారు. అదే, ఫిజిక్స్ పాఠం కాకుండా శాస్త్రీయంగా ఆలోచించడాన్ని పట్టి చూసే లాసన్ తార్కిక పరీక్ష పెడితే ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులు! సిలబస్ ఎంత కుక్కినా ఆలోచన దానంతటదే రాదన్నమాట.

ఆ లాసన్ పరీక్షలో జవాబు వెంటే కారణమూ అడుగుతారు. పొడవు మారితే లోలకం ఊగే కాలం మారుతుందా అని తేల్చాలంటే ఏ రెండు లోలకాలను పోల్చాలి? బరువు ఒకటే ఉండి పొడవు వేరైనవి. ఎందుకో కూడా చెబితేనే మార్కు. మన దగ్గర? సొంత మాటల్లో సరిగ్గా రాసినా 'కీ'లో ఆ వాక్యం లేదని కొట్టేసిన పేపర్లు నా సర్వీసులో ఎన్నో చూశాను. వాల్యుయేటర్‌నీ ఏమనలేం, కట్టలు కట్టలు ముందు పడేసి సాయంత్రానికి అప్పగించమంటే చదివేదెప్పుడు? తనిఖీకి వచ్చిన పెద్దలు ఉత్తీర్ణత శాతం తప్ప ఇంకోటి అడిగితే ఒట్టు. సర్క్యులర్లలో మాత్రం 'సృజనాత్మకత', 'విమర్శనాత్మక ఆలోచన' పొంగిపొర్లుతుంటాయి.

కలిపే మార్కులేవో కారణం రాసిన పిల్లలకు ఇవ్వండి. పేపర్ చదివి దిద్దడానికి వాల్యుయేటర్లకు టైం ఇవ్వండి. ఖర్చవుతుందంటారా, ఆ శిక్షణ సదస్సుల్లో ఒకటి మానుకుంటే సరి.

— ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు